దొరికిన మర్నాడు

కావాలనుకున్నది దొరికే రోజు గురించి మనం ఎన్నో కలలు కంటాం. దొరికిన మర్నాటి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రమోషన్ వచ్చిన మర్నాడు. కొత్త ఇంట్లో చేరి నెల తిరిగాక ఒక మామూలు మధ్యాహ్నం. ఏళ్ల తరబడి చదివిన పరీక్ష గట్టెక్కాక వచ్చే మొదటి సోమవారం. ఆ రోజుల్లో ఒక వింత వెలితి ఉంటుంది. బాధ అనలేం, సంతోషమనీ అనలేం. "ఇంతేనా?" అని లోపల అనిపిస్తుంది గానీ పైకి అనే ధైర్యం ఉండదు. అంటే, కొవ్వెక్కి మాట్లాడుతున్నామనుకుంటారు. అందుకే ఆ వెలితి ఎవరి కంటా పడకుండా గబగబా ఇంకో కోరికతో కప్పేస్తాం. తరవాతి హోదా, ఇంకో గది ఎక్కువున్న ఇల్లు, ఇంకో పరీక్ష.

నాకు బాగా తెలిసిన ఒకాయన ఉద్యోగంలో తాను కోరుకున్న కుర్చీ ఎక్కిన కొద్ది రోజులకే నాతో అన్నాడు: "ఇప్పుడు కొత్త టెన్షన్ పట్టుకుంది. దీని తరవాత ఏం కావాలో తెలీట్లేదు." ఆయన నిజంగానే దిగులుగా ఉన్నాడు. కావాల్సింది ఏమీ లేకపోవడం కూడా ఒక సమస్య ఎప్పుడైందా అని నేను చాలా రోజులు ఆలోచించాను.

తృప్తి గురించి చెప్పేవాళ్లు సాధారణంగా రెండు సలహాలిస్తారు. కోరికలు తగ్గించుకో. ఉన్నదాంతో సర్దుకో. నాకు రెండూ నచ్చవు. కోరికను తగ్గించుకోమనడం ఆకలిని తగ్గించుకోమన్నట్టే ఉంటుంది, చెబితే వినే సరుకు కాదది. ఇక సర్దుకోమనే మాట ఎవరు ఎవరికి చెబుతున్నారో చూస్తేనే దాని సంగతి తెలిసిపోతుంది. దాని గురించి తరవాత రాస్తాను. నా వాదన వేరు. ఎక్కడ ఆగాలో, ఎంత దొరికితే చాలో, దొరికాక మనసే చెబుతుందని మనం నమ్ముతున్నాం. మనసు చెప్పదు. ఆ పని చెయ్యడానికి కావలసిన ఏర్పాటే దానిలో లేదు. కాబట్టి ఆ గీత ఏదో మనమే, దొరకక ముందే, తల చల్లగా ఉన్నప్పుడే గీసుకోవాలి. తృప్తి అనేది వరించి వచ్చే అనుభూతి అనుకుని ఎదురుచూస్తే రాదు. అది మనం తీసుకునే నిర్ణయం, అనుభూతి దాని వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, అది వేరే సంగతి.

మనసులో ఆ ఏర్పాటు లేదని అంత గట్టిగా ఎందుకంటున్నానంటే, దానికి ఆధారం ప్రయోగశాలల్లో ఉంది. 1954లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మెదడులో సన్నటి తీగలు అమర్చి, ఒక మీట నొక్కితే అక్కడికి కొద్దిగా కరెంటు వెళ్లేలా చేశారు. ఎలుకలు ఆ మీటను మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాయి. ఇంతగా నొక్కుతున్నాయంటే అక్కడ ఆనందం పుడుతోందని అప్పట్లో అందరూ తీర్మానించారు. డోపమైన్ అనే రసాయనానికి ఆనందం రసాయనమని పేరు పడడానికి ఈ ఆలోచనే మూలం. ఇప్పటికీ చాలామంది అలాగే రాస్తున్నారు.

మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ లెక్క తప్పని 1980ల చివర్లో చూపించారు. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా ముట్టుకోలేదు. వదిలేస్తే ఆకలితో చచ్చిపోయేవే. కానీ తీపి నీళ్లు తీసుకెళ్లి నాలుక మీద వేస్తే, మామూలు ఎలుకలు ఎంత ఇష్టంగా పెదాలు నాకుతాయో ఇవీ అంత ఇష్టంగానే నాకాయి. అంటే కావాలనిపించడం ఒకటి, దొరికాక బాగుండడం ఇంకొకటి. మెదడులో రెండింటికీ వేరువేరు దారులున్నాయి. పైగా కావాలనిపించే దారి పెద్దది, బలమైనది. బాగుందనిపించే చోట్లు చిన్నవి, సున్నితమైనవి, సులువుగా అలసిపోయేవి.

ఇది చదివినప్పుడు నా కొనుగోళ్లన్నీ నాకు కొత్తగా కనపడ్డాయి. ఒక వస్తువు కోసం రాత్రి పొద్దుపోయేదాకా రివ్యూలు చదవడం, ధర తగ్గిందేమోనని పొద్దున్నే లేచి చూడడం, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో గంటగంటకీ వెతకడం. ఆ హడావిడంతా కావాలనిపించడంలోదే. పెట్టె విప్పాక నడిచేది రెండో దారి, దాని స్తోమత అంతంత మాత్రమే. నిరాశ కలిగితే తప్పు వస్తువుదని అనుకుంటాం, ఇంకొంచెం మంచిది కొనాల్సిందనుకుంటాం. పాపం, వస్తువు చేసిన తప్పేమీ లేదు.

రెండో ఆధారం లాటరీలది. దీన్ని చాలామంది సగం తప్పుగా చెబుతుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1971లో ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంబెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ఊహను ముందుకు తెచ్చారు. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు, ఎంత పరిగెత్తినా సంతోషంలో ఉన్నచోటే ఉంటాడు, ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్టు. ఇప్పుడు అందరూ వాడే ఆ పోలిక వాళ్లదే. 1978లో బ్రిక్‌మన్ మరో ఇద్దరితో కలిసి 22 మంది లాటరీ విజేతలను, ప్రమాదంలో కాళ్లు, కొందరికి చేతులు కూడా పడిపోయిన 29 మందిని, ఏమీ జరగని మామూలు మనుషులు 22 మందిని అడిగి చూశాడు. లాటరీ వాళ్లు మామూలు వాళ్ల కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. ఇంతవరకు అందరూ చెబుతారు. ప్రమాదం పాలైనవాళ్లు కూడా అంతే సంతోషంగా ఉన్నారని కొందరు కలిపి చెప్పేస్తారు, అది నిజం కాదు. వాళ్ల సంతోషం మిగతావాళ్ల కంటే తక్కువగానే ఉంది, మనం ఊహించుకునేంత అధమంగా లేదు, అంతే.

నా దృష్టిలో ఆ పరిశోధనలో అసలైన వాక్యం ఇంకోటుంది. స్నేహితుడితో కబుర్లు, జోకు వినడం, ఎవరైనా మెచ్చుకోవడం, పత్రిక చదువుకోవడం లాంటి రోజువారీ చిన్న పనుల్లో ఎంత ఆనందం ఉంటుందని అడిగితే, లాటరీ విజేతలు మిగతావాళ్ల కంటే తక్కువ చెప్పారు. పెద్ద సంతోషం వచ్చి చిన్నవాటి విలువ తగ్గించి పోయింది. గెలిచిన రోజు అంత ఎత్తున నిలబడడంతో, ఆ తరవాత కబుర్లు కబుర్లలా రుచించలేదు.

22 మంది చాలా చిన్న లెక్క, అందుకని దీన్ని వేదవాక్కులా పట్టుకోకూడదు. స్వీడన్‌లో ఎరిక్ లిండ్‌క్విస్ట్, రాబర్ట్ ఆస్ట్లింగ్, డేవిడ్ సెసరీని వేలమంది లాటరీ ఆటగాళ్లను పరిశీలించి 2020లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద మొత్తాలు గెలిచినవాళ్లు పదేళ్లు దాటాక కూడా జీవితం పట్ల ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని తేలింది. అయితే ఆ మేలు జీవితాన్ని మొత్తంగా తూకం వేసినప్పుడే గట్టిగా కనపడింది. రోజువారీ సంతోషంలో, మానసిక ఆరోగ్యంలో తేడా బాగా చిన్నది. నాకిది నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. డబ్బు సంతోషం ఇవ్వదనే మాట కబుర్లకు బాగుంటుంది గానీ నిజం కాదు. అప్పు లేని నిద్ర వేరు, జబ్బు చేస్తే చూపించుకోగలనన్న ధైర్యం వేరు. డబ్బు జీవితానికి భద్రతనిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉండాలన్నది మాత్రం దాని పరిధిలో అంతగా లేదు.

వస్తువుల సంగతికి వస్తే, వాటికి ఒంటరిగా వచ్చే అలవాటు లేదు. ఫ్రెంచి తత్వవేత్త డెనీ దిదెరో 1769లో రాసిన ఒక చిన్న వ్యాసం ఇందుకు సాక్ష్యం. ఆయనకు ఎవరో మంచి ఎర్రటి గౌను బహుమతిగా ఇచ్చారు, ఇంట్లో రాసుకునేటప్పుడు వేసుకునేది. పాత గౌనుతో పుస్తకాల మీద దుమ్ము తుడిచేవాడు, కలం సిరా తుడిచేవాడు. కొత్తదాంతో తుడవలేడు. పైగా అది వేసుకుని కూర్చుంటే పాత గడ్డి కుర్చీ వెలవెలబోయింది, దాని స్థానంలో తోలు కుర్చీ వచ్చింది. తరవాత బల్ల మారింది, గోడ మీద బొమ్మలు మారాయి, చివరికి గదంతా మారింది, జేబు ఖాళీ అయింది. పాత గౌనుకు తాను యజమానినని, కొత్తదానికి బానిసనయ్యానని ఆయన వాపోయాడు. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవ శాస్త్రవేత్త ఈ వరసకు దిదెరో పేరే పెట్టాడు. సోఫా కొన్నాక కర్టెన్లు పాతగా కనపడిన ఎవరికైనా ఇది వివరించక్కర్లేదు.

దిదెరో కాలంలో ఇది దానంతటదే జరిగింది. తరవాత దాన్ని పనిగట్టుకుని చెయ్యడం మొదలైంది. జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడిపిన చార్లెస్ కెట్టరింగ్ 1929 జనవరిలో ఒక వ్యాపార పత్రికలో వ్యాసం రాశాడు. వినియోగదారుడిని అసంతృప్తిగా ఉంచండి అన్నది దాని శీర్షికే. దాపరికం ఏమీ లేదు. ఉన్న కారుతో జనం తృప్తి పడిపోతే కొత్త కారు ఎవరు కొంటారు, ఫ్యాక్టరీలు ఎలా నడుస్తాయి, మనుషులకు పని ఎలా దొరుకుతుంది అన్నది ఆయన వాదం. ఏటా కొత్త మోడల్ తెచ్చే పద్ధతిని ఆ సంస్థ అప్పటికే పట్టాలెక్కించింది. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు, ఆయన తన లెక్కలో నిజాయతీపరుడే. కానీ దాదాపు వందేళ్లుగా మన అసంతృప్తిని పెంచి పోషించడం జీతం తీసుకుని చేసే ఉద్యోగంగా ఉందని గుర్తుపెట్టుకోవడం మంచిది. ఫోన్‌లో కొనకుండా వదిలేసిన వస్తువు నాలుగు రోజులపాటు వెంటపడి కనపడుతుంటే, అది మన బలహీనత అని సిగ్గుపడాల్సిన పని లేదు. అవతల ఆ పని మీదే తెలివైనవాళ్లు కూర్చుని ఉన్నారు.

అందరూ చాలనుకుంటే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలదా అని అడిగేవాళ్లుంటారు. అందరూ ఒకే రోజు చాలనుకునే ప్రమాదమైతే దరిదాపుల్లో లేదు. అప్పటిదాకా నా ఫోన్ మార్చకుండా ఉంచుకుంటే కొంప మునగదు.

మెదడూ మార్కెట్టూ చాలవన్నట్టు మూడోది ఇంకోటుంది, పక్కవాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలను విక్టోరియా మెడ్వెక్, స్కాట్ మేడీ, థామస్ గిలోవిచ్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులకు శబ్దం తీసేసి చూపించారు. ఫలితం తెలిసిన క్షణంలో క్రీడాకారుల మొహంలో ఎంత సంతోషముందో 10కి మార్కులెయ్యమన్నారు. కంచు పతకం వచ్చినవాళ్లకు సగటున 7.1 పడ్డాయి, వెండి వచ్చినవాళ్లకు 4.8. వెండి వచ్చినవాడి చూపు చేజారిన బంగారం మీదుంది. కంచు వచ్చినవాడు అసలేమీ రాకుండా పోయే నాలుగో స్థానాన్ని చూస్తున్నాడు. ప్రపంచంలోకెల్లా రెండోవాడైన మనిషి, మూడోవాడి కంటే దిగులుగా నిలబడ్డాడు. చేతిలో ఉన్నది ఎంతన్నదాన్ని బట్టి సంతోషం నడిస్తే ఇలా జరగదు కదా.

ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌కు ఇది తెలుసు. వందేళ్లలో సంపన్న దేశాల జీవన ప్రమాణం నాలుగు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని, అప్పుడు జనం వారానికి 15 గంటలు పని చేస్తే సరిపోతుందని ఆయన 1930లో రాశాడు. మొదటిది ఇంచుమించు నిజమైంది. రెండోది ఎంత నిజమైందో ఆదివారం రాత్రి ఆఫీసు మెయిళ్లు చూసుకునే ఎవరినైనా అడగండి. అయితే అదే వ్యాసంలో ఆయన అవసరాలను రెండు రకాలుగా విడదీశాడు. ఎదుటివాళ్లు ఎలా ఉన్నా మనకు ఉండాల్సినవి కొన్ని, ఎదుటివాళ్ల కంటే పైన ఉన్నామనిపించుకోవడానికి కావాల్సినవి కొన్ని. మొదటివి తీరతాయి. రెండోవాటికి అంతు ఉండకపోవచ్చని ఆయనే అన్నాడు. తన 15 గంటల లెక్కకు గండి కొట్టింది ఆ రెండో రకమేనని నా అభిప్రాయం.

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన పరిశోధన ఒకటుంది. 1998లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే కొందరిని ఇలా అడిగారు: నీకు తక్కువ ఆదాయం, కానీ చుట్టూ ఉన్నవాళ్ల కంటే ఎక్కువ, లేదా నీకు దానికి రెట్టింపు ఆదాయం, కానీ చుట్టూ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ఏది కావాలి? దాదాపు సగం మంది మొదటిదే కావాలన్నారు. సగం ఆదాయం పోయినా ఫరవాలేదు, పక్కవాడు కింద ఉండాలి. ఇదే ప్రశ్న సెలవుల గురించి అడిగితే మాత్రం లెక్క మారిపోయింది. పక్కవాడికి ఎన్ని సెలవులున్నా చాలామందికి పట్టలేదు, తమకు ఎక్కువ రోజులు ఉంటే చాలన్నారు. అంటే మనం కోరుకునేవాటిలో కొన్నింటికి పోలిక చీడ పడుతుంది, కొన్నింటికి అంతగా పట్టదు. తీరిక సమయం, నిద్ర, నొప్పి లేని నడుము, మనసు విప్పి మాట్లాడుకోగల మనిషి. వీటిని ఎవరూ వరసలో నిలబెట్టి ర్యాంకులివ్వరు. నా సమయమూ డబ్బూ వీలైనంత వరకు పోలిక అంతగా పట్టని ఇలాంటివాటి మీద పెట్టడం నేను నేర్చుకున్న కొద్దిపాటి లౌక్యం.

ఇక మొదట్లో వాయిదా వేసిన సంగతి. తృప్తి ఎవరు ఎవరికి బోధిస్తున్నారన్నది.

వామనుడు బలిచక్రవర్తి దగ్గరికి వెళ్లి మూడడుగుల నేల అడిగినప్పుడు, ఇంకా ఎక్కువ కోరుకోమని బలి బతిమాలాడు. అప్పుడా పొట్టి బ్రహ్మచారి, దక్కిన కాస్తనే పదివేలనుకుని తృప్తి పడనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా చాలదని చక్కగా ఉపదేశం చేశాడు. ఆ మాట మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, బంగారం లాంటి మాట. తరవాత ఏం జరిగిందో కూడా అందరికీ తెలుసు. తృప్తి గురించి చెప్పిన ఆ నోరు మూసుకోకముందే రెండడుగుల్లో భూమీ ఆకాశమూ అయిపోయాయి, మూడోది విన్నవాడి నెత్తి మీద పడింది. దేవుడి లీల సంగతి నాకు తెలియదు. లోకవ్యవహారంలో మాత్రం ఈ దృశ్యం నాకు తరచుగా గుర్తొస్తుంది. రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త కొద్దిపాటితో సంతోషంగా బతకడం గురించి అద్భుతంగా రాశాడు, ఆయన ఆ కాలపు అతి పెద్ద ధనవంతుల్లో ఒకడు, నీరో చక్రవర్తికి గురువు, సలహాదారు. జీతం పెంచమని అడిగిన ఉద్యోగికి పనిలో దొరికే ఆత్మతృప్తి గురించి ఉపన్యాసమిచ్చే యజమానులు కూడా ఈ కోవలోవాళ్లే, వాళ్లకు సెనెకా శైలి లేదంతే.

అమర్త్య సేన్ ఈ ప్రమాదాన్ని ఎంతో స్పష్టంగా చెప్పాడు. ఏళ్ల తరబడి లేమిలో బతికినవాళ్లు బతకడం కోసం తమ కోరికలను కత్తిరించుకుంటారు, చిన్న ఊరటలకే సంతోషపడడం అలవాటు చేసుకుంటారు. వాళ్లను అడిగితే బాగానే ఉన్నామంటారు. ఆ జవాబును నమ్మి వాళ్లకు ఏ లోటూ లేదని తేల్చేస్తే అది ఘోరమైన అన్యాయం అవుతుంది. తృప్తి ఉందా లేదా అన్నది న్యాయం జరిగిందా లేదా అన్నదానికి కొలత కాదు. నేను ఇంకో మెట్టు దిగి చెబుతాను. ఒక ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిని "నాకిదే చాలు" అనే మనిషి ఉంటే, ఆ చాలును మెచ్చుకోకూడదు. ఆ మాట అనే అవకాశం తప్ప వేరే ఏమీ ఆ మనిషి ముందు పెట్టలేదు. ఎంచుకోవడానికి రెండోది ఉన్నప్పుడు చెప్పిన చాలు మాత్రమే లెక్కలోకి వస్తుంది.

కాబట్టి నా గీత సిద్ధాంతానికి ఒక షరతు ఉంది. ఎవరి గీత వాళ్లే గీసుకోవాలి, ఎవరూ ఎవరికీ గీసి ఇవ్వకూడదు. అద్దె ఎలా కట్టాలా అని చూస్తున్న మనిషికి ఈ వ్యాసం పంపితే అది నేను రాసినదానికి విరుద్ధం. ఇది అవసరాలు తీరాక కూడా పరుగు ఆపలేకపోతున్నవాళ్ల కోసం రాసినది. అలాంటివాళ్లం చాలామందిమే ఉన్నాం.

లక్ష్యాల మాటేమిటి? నాకు లక్ష్యాలంటే గిట్టదని ఇంతవరకు చదివినవాళ్లు అనుకోవచ్చు. ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల్లో, స్పష్టమైన కష్టమైన లక్ష్యం ఉన్నవాళ్లు "నా శాయశక్తులా చేస్తాను" అనేవాళ్ల కంటే బాగా పని చేస్తారని పదే పదే తేలింది. అందులో వాదించడానికేమీ లేదు. పని బాగా జరగడానికి లక్ష్యం మంచి పనిముట్టు. గొడవంతా దాన్ని పనికి వాడకుండా మనిషి విలువ కొలవడానికి వాడినప్పుడు మొదలవుతుంది. ఏడాదిలో ఒక వాయిద్యం నేర్చుకోవాలనుకుని సాయంత్రాలు సాధన చేస్తే, లక్ష్యం ఆ సాయంత్రాలకు ఒక రూపమిచ్చింది. నేర్చుకున్నాకే నేను మనిషినవుతాను, అప్పటిదాకా ఈ రోజులన్నీ దండగ అనుకుంటే, అదే లక్ష్యం ఆ సాయంత్రాలను తినేసింది. ఏ రకందో తెలుసుకోవడానికి నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: చివరికి అది దక్కకపోయినా, దానికోసం గడిపిన రోజులు బాగానే గడిచాయంటానా? అనను అనిపిస్తే ఆ లక్ష్యం మీద నాకు అనుమానమే.

హెర్బర్ట్ సైమన్ 1956లో ఒక మామూలు మాట చెప్పాడు, ఆయనకు తరవాత 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. ఉన్నవాటన్నిటిలో అత్యుత్తమమైనది వెతకడం మనిషి వల్ల అయ్యే పని కాదు, కాబట్టి తెలివైన జీవి ముందుగా ఒక హద్దు పెట్టుకుని, ఆ హద్దు దాటిన మొదటిదాన్ని తీసుకుని వెతుకులాట ఆపేస్తుంది. దీన్ని షీనా అయ్యంగార్, రాచెల్ వెల్స్, బ్యారీ ష్వార్ట్జ్ ఉద్యోగాల వేటలో ఉన్న విద్యార్థుల మీద పరీక్షించి 2006లో ప్రచురించారు. అన్నీ వెతికి అత్యుత్తమమైనదే కావాలనుకునేవాళ్లకు మొదటి జీతాలు 20 శాతం ఎక్కువ వచ్చాయి. వచ్చిన ఉద్యోగం పట్ల సంతృప్తి మాత్రం వాళ్లలోనే తక్కువ. వెతుకుతున్నంతసేపూ ఆందోళన, దిగులు కూడా వాళ్లకే ఎక్కువ. 20 శాతం తక్కువేమీ కాదు, అవసరంలో ఉన్నవాడు ఆ 20 శాతమే తీసుకోవాలి. అవసరం తీరినవాడు మాత్రం దానికి ఏం చెల్లిస్తున్నాడో చూసుకోవాలి.

నేను గీసుకున్న గీతలు పెద్ద ఘనమైనవేమీ కావు. ఫోన్ పనిచేస్తున్నంత కాలం మార్చను, కొత్తదాంట్లో ఏముందో చదవను కూడా. ఉద్యోగంలో నా కింద పనిచేసే ప్రతి ఒక్కరి పనీ నాకు స్వయంగా అర్థమయ్యే స్థాయి వరకు వెళ్తాను, ఆ పైన అంతా మీటింగులే కాబట్టి ఆ పైకి అడగను. ఇంట్లో ఏ గది అయినా వారం రోజుల పాటు ఎవరూ అడుగుపెట్టకుండా ఉంటే ఇల్లు సరిపోయినట్టే, ఇంకా పెద్దది వద్దు. నేను రాసినవి ఎంతమంది చదివారో లెక్క చూడను. ప్రతి గీత వెనకా ఒక కారణం ఉందని గమనించండి. కారణం లేని గీత మొదటి డిస్కౌంట్ సేల్‌కే చెరిగిపోతుంది. ఊరికే నిగ్రహం చూపిద్దామని పెట్టుకున్నవి నా దగ్గర ఏవీ నిలవలేదు.

గీతలు మారవా అంటే, మారతాయి. పిల్లలు పుడితే, పెద్దవాళ్లు మంచాన పడితే, ఒంట్లో శక్తి తగ్గితే అన్నీ మళ్లీ లెక్క వేసుకోవాల్సిందే. మార్చాల్సిన కారణం నా ఇంట్లోంచి వచ్చిందా, ఎదుటి ఇంట్లోంచి వచ్చిందా అన్నదొక్కటే చూసుకుంటాను. ఎదుటి ఇంట్లోంచి వచ్చినదైతే కొన్నాళ్లు ఊరుకుంటాను. చాలావరకు దానంతటదే చల్లారుతుంది.

ఇదంతా చేస్తే మిగిలేది ఏమిటి? సమయమూ, ధ్యాసా. వాటితో ఏం చెయ్యాలన్నది సులువైన ప్రశ్న కాదు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో 2,250 మందిని రోజులో ఏదో ఒక వేళ ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా ఉంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. పని మీద ఉన్నప్పటి కంటే లేనప్పుడు సంతోషం తక్కువగా ఉంది. మనసు హాయైన విషయాల వైపు వెళ్లినా, ఉన్నచోట ఉన్నప్పటి కంటే అదనంగా ఒరిగిందేమీ లేదు. ఏం చేస్తున్నామన్నదాని కంటే అందులో ఉన్నామా లేదా అన్నదే సంతోషాన్ని ఎక్కువగా నిర్ణయించింది. బట్టలు మడతపెట్టడం లాంటి పనికి కూడా ఇది వర్తిస్తుంది. అయితే ప్రతి పనినీ ధ్యానంలా చెయ్యమనే బోధ నాకు కొంచెం అతిగా అనిపిస్తుంది. విసుగ్గా ఉన్న పనిని విసుగ్గానే చేసి అవతల పడెయ్యడంలో కూడా ఒక సుఖం ఉంది.

అలవాటు అన్నిటినీ ఒకే వేగంతో మింగదన్న సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. పెద్ద ఇంటికి అలవాటు పడతాం. ఆ ఇల్లు దూరంగా ఉన్నందుకు రోజూ చేసే ప్రయాణానికి అంతగా అలవాటు పడం. ఆలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై జర్మనీ గణాంకాలతో 2008లో చూపించింది ఇదే. ప్రయాణం పెరిగినకొద్దీ జీవితం మీద సంతృప్తి తగ్గింది, మంచి ఇల్లో, ఎక్కువ జీతమో ఆ లోటును భర్తీ చెయ్యలేదు. కాబట్టి రోజును బాగు చేసుకోవాలంటే ఏం చేర్చాలా అని చూడడం కంటే, రోజూ గుచ్చుకుంటున్నది ఏదో కనిపెట్టి తీసెయ్యడం లాభసాటి బేరం. బిగుతు చెప్పులు, కిర్రుమనే తలుపు, ఎత్తకపోతే బాగుండదని ఎత్తే ఒక ఫోన్ కాల్.

ఇష్టమైనవాటికి అలవాటు పడకుండా ఉండాలంటే మధ్యలో ఎడం ఇవ్వాలి. జోర్డి క్వాడ్‌బాక్, ఎలిజబెత్ డన్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వారం చాక్లెట్ మానేసినవాళ్లు మళ్లీ తిన్నప్పుడు దాన్ని ఎక్కువ ఆస్వాదించారు. నచ్చినంత తింటూ పోయినవాళ్లకు ఆ రుచి దక్కలేదు. ఎక్కువ కొనుక్కోవడానికి స్తోమత ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడని విషయమే. స్తోమత వల్ల వచ్చే మొదటి నష్టం ఈ ఎడం పోవడమే మరి.

తృప్తిని అన్నిటికీ పూసేయాలని నేను అనుకోవడం లేదు. చాలు అనే మాట నేను కొన్నిచోట్ల ససేమిరా వాడను. స్నేహితులతో గడిపే సమయానికి నేను హద్దు పెట్టలేదు, అది ఎప్పుడూ తక్కువే పడుతోంది. తెలుసుకోవాల్సినవాటికి పెట్టలేదు. చేస్తున్న పని నాణ్యత విషయంలో నేను ఇంకా అత్యాశపరుణ్ణే, ఒక వాక్యం కోసం రాత్రి రెండింటిదాకా కూర్చుంటాను, అది జబ్బే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇక నా పక్కన పనిచేసేవాళ్లకు రావాల్సినది రాకపోతే, వాళ్లు "పోనీలెండి, మాకిది చాలు" అన్నా సరే, నేను ఆ చాలును ఒప్పుకోను. కిందటి వారమే ఈ విషయమై ఒక మనిషితో గట్టిగా వాదించాల్సి వచ్చింది. అది ఇంకా తేలలేదు, మళ్లీ అడుగుతాను.